పెరటి కోళ్ళగూటిలో దుర్వాసన: కారణములు, నివారణ

పంచాయతీ కార్యాలయమునకు వచ్చు ఇరుగుపొరుగు తగవులలో కోళ్ళగూటి కంపు ఒకటి. ఒకరి పెరటిలో గూడు, మరొకరి వంటింటి కిటికీ, నడుమ నడుమెత్తు గోడ. కోళ్ళు పెంచు ఇల్లాలికి అవి చిల్లర ఖర్చులకు చేతిలో ఆడు డబ్బు, పిల్లల కంచములో గ్రుడ్డు, పండుగకు అల్లుడు వచ్చిన దినమున కూర. పొరుగింటివారికి అవి తెల్లవారుజామున ముక్కుకు తగులు ఘాటు, అన్నముపై వ్రాలు ఈగలు, ఉబ్బసముతో బాధపడు ముసలివారికి అదనపు ఆయాసము. ఈ ఇరువురు చెప్పునదియు నిజమే.

ఇట్టి తగవు వచ్చినపుడు సభ్యులు సాధారణముగా రెండు మాటలలో ఒకటి చెప్పుదురు. "గూడు తీసివేయుడు" అనునది మొదటిది. "పల్లెటూరిలో ఇవన్నియు మామూలే, ఓర్చుకొనుడు" అనునది రెండవది. మొదటి మాట ఒక కుటుంబపు రాబడిని తీసివేయును. రెండవ మాట మరొక కుటుంబపు ఆరోగ్యమును లెక్కచేయదు. ఈ రెండింటి అవసరము లేకుండగనే ఈ తగవు తీరగలదని మేము చెప్పదలచినాము. కంపు కోడికి పుట్టుకతో వచ్చిన గుణము కాదు. అది తడివలన పుట్టునది. గూటిలోని పరుపు పొడిగా నున్నచో కంపు దాదాపుగా నుండదు. పరుపును పొడిగా నుంచు పద్ధతులు ఖర్చుతో కూడినవి కావు. వానికి కావలసినది ఊక, ఒక పార, దినమునకు పది నిమిషముల శ్రద్ధ.

కంపు ఎట్లు పుట్టును?

ఆవు, గేదె, మనిషివలె కోడి మూత్రమును వేరుగా విడువదు. రెట్టపై కనిపించు తెల్లని ముద్దయే దాని మూత్రము. అందులో నుండునది యూరిక్ ఆమ్లము. కోడి తిన్న మేతలోని మాంసకృత్తులనుండి మిగిలిన నత్రజని ఈ రూపమున బయటకు వచ్చును. ఈ తెల్లని పదార్థమునకు తనంతట ఘాటు లేదు. అయితే తడి, వెచ్చదనము దొరకినపుడు రెట్టలోను పరుపులోను నుండు సూక్ష్మజీవులు దానిని విరిచి మొదట యూరియాగా, ఆ పిమ్మట అమ్మోనియా వాయువుగా మార్చును. యూరియా బస్తా తడిసిన గదిలోనికి అడుగుపెట్టినపుడు ముక్కునకు తగులు ఘాటును రైతులందరు ఎరుగుదురు. కోళ్ళగూటి ఘాటు దానికి తోబుట్టువే.

ఇప్పుడు తడి ఎంత చేరునో లెక్కింతము. ఎదిగిన కోడి దినమునకు సుమారు 100 గ్రాములు, అంతకు కొంచెము ఎక్కువగా రెట్ట వేయును. ఆ తాజా రెట్టలో నాలుగింట మూడు పాళ్ళు నీరే. పది కోళ్ళున్న ఇంటిలో దినమునకు ఒక కిలో రెట్ట, అందులో ముప్పావు కిలో నీరు. పగలు పెరటిలో తిరుగు కోళ్ళు అందులో కొంత బయటనే విడుచును. మిగిలినది రాత్రి గూటిలో, అవి కూర్చుండు కర్రల క్రిందనే పడును. అట్టి ఇండ్లు పది గల వీధిలో దినమునకు పది కిలోలు, సంవత్సరమునకు మూడున్నర టన్నులకు పైగా రెట్ట తయారగుచున్నది. దీనికి నీటిగిన్నె ఒలుకుట, చూరునీరు జారుట, నేలచెమ్మ తోడైనచో సూక్ష్మజీవులకు కావలసినదంతయు సమకూరినట్లే.

మరియొక సంగతి గమనింపదగినది. గాలిలో కలిసిపోవు ప్రతి ఘాటును మన పొలమునకు చేరవలసిన నత్రజనియే. కంపు కొట్టు గూడు పొరుగువారిని బాధించుటయే గాక యజమాని ఎరువును కూడ గాలిపాలు చేయుచున్నది.

కలుగు నష్టములు

అమ్మోనియావలన మొదట బాధపడునది కోడియే. దాని తల నేలకు దగ్గరగా నుండుటచే పరుపునుండి లేచు వాయువు సూటిగా దాని ముక్కునకు చేరును. కోడి గాలిగొట్టములో దుమ్మును, క్రిములను బయటకు నెట్టు సన్నని కేశములవంటివి కలవు. అమ్మోనియా వానిని చెరచును. అటుపిమ్మట కొక్కెర తెగులువంటి వ్యాధుల క్రిములు సులభముగా లోపల ప్రవేశించును. ఘాటు మిక్కిలిగా నున్న గూటిలో కోళ్ళ కన్నులు ఎఱ్ఱబడి నీరు కారును. కొన్ని కన్నులు మూసికొని మూల కూర్చుండును. మేత తగ్గును, గ్రుడ్లు తగ్గును. గాలిలో పది లక్షల భాగములకు 25 భాగములను మించి అమ్మోనియా నుండరాదని కోళ్ళ పెంపకపు నిపుణులు చెప్పుదురు.

తడి పరుపు తెచ్చు రెండవ కీడు కాక్సిడియోసిస్. పిల్లలకు నెత్తుటి పారుడు పట్టించు రోగమిది. రోగపు కోడి రెట్టతో బయటపడు క్రిమిబీజములు వెంటనే అంటునవి కావు. వెచ్చదనము, తడి, గాలి దొరకినచో ఒకటి రెండు దినములలో అవి అంటు శక్తిని పొందును. పొడి పరుపులో చాలవరకు అవి ముదురక నశించును. కావున పిల్లలను పెంచువారికి పొడి పరుపు సగము మందుతో సమానము.

మూడవది ఈగ. ఈగ పురుగులు తడిరెట్టలోనే పెరుగును. వేసవి వేడిమిలో గ్రుడ్డునుండి ఈగ వెలువడుటకు వారము, పది దినములు చాలును. రెట్టను అంతకుముందే ఎండబెట్టినను, తీసివేసినను ఆ వరుస తెగిపోవును. పొరుగువారి ఫిర్యాదులో సగము ఈగలను గూర్చినదే యగుటచే ఈ లెక్క సభ్యులు గుర్తుంచుకొనదగినది.

ముక్కుతో, పిడికిలితో పరీక్ష

దినమంతయు గూటి చెంతనే మెలగువారి ముక్కు ఆ వాసనకు అలవాటుపడిపోవును. "మాకేమియు వాసన రాదే" అని యజమాని చెప్పుట అబద్ధమాడుట కాదు. అందుచే పరీక్షించు విధానమొకటి కావలెను.

ఉదయమున గూటి తలుపు తీసిన వెంటనే, గాలి మారకముందే, కోడి తల యుండు ఎత్తునకు వంగి ఊపిరి పీల్చవలెను. నిలుచున్న మనిషికి తెలియని ఘాటు అప్పుడు తెలియును. ముక్కు మండినను, కన్ను చెమర్చినను పరుపునకు వెంటనే చికిత్స అవసరము. వాసనయొక్క రకము కూడ కారణమును తెలుపును. ఘాటైనది అమ్మోనియా, దానికి కారణము తడిసిన రెట్ట. మురిగిన గ్రుడ్డువంటి వాసన వచ్చినచో నీరు నిలిచి, గాలి ఆడక అడుగుభాగము కుళ్ళుచున్నదన్నమాట. ముక్కవాసన వచ్చినచో పరుపునకు బూజు పట్టినది. పీనుగు వాసన వచ్చినచో చచ్చిన ఎలుకయో, కోడిపిల్లయో, పగిలిన గ్రుడ్డో మూలనెక్కడనో కలదు.

పిడికిలి పరీక్ష ఇంకను సులభము. పరుపును గుప్పెడు తీసి గట్టిగా పిసికి విడువవలెను. ఉండగా నిలిచిపోయినచో తడి ఎక్కువ. కొంచెము అంటుకొని వెంటనే విడిపోయినచో తడి సరిగా నున్నది. ఏ మాత్రము అంటక దుమ్ము లేచినచో మిక్కిలి పొడిగా నున్నది. ఆ దుమ్ము కూడ కోళ్ళ ఊపిరికి మంచిది కాదు. నిపుణుల లెక్కలో పరుపున 20 నుండి 30 శాతము తేమ సరిపడునది. చేతిని పిమ్మట సబ్బుతో కడుగుకొనవలెనని వేరుగా చెప్పనక్కరలేదు.

ఏ పరుపు మంచిది?

కోళ్ళఫారములవారు లిట్టరు అని పిలుచునదియే ఈ పరుపు. అది తడిని పీల్చి తిరిగి గాలికి విడువవలెను, రెట్టను ముద్ద కట్టనీయరాదు, చవుకగా దొరకవలెను. ఈ మూడు గుణములు చూచినచో మన ప్రాంతములందు వరి ఊకకు సాటి లేదు. గోదావరి, కృష్ణా డెల్టాలలోను, నిజామాబాదు, కరీంనగరు, నల్లగొండ ప్రాంతపు వరి పొలముల నడుమను బియ్యపుమిల్లు లేని చోటు తక్కువ. ఊక నీటిని ఎక్కువగా పీల్చకపోయినను గుల్లగా నుండి గాలిని ఆడనిచ్చును, త్వరగా అట్ట కట్టదు.

అనంతపురము, కర్నూలు, మహబూబునగరు వైపు వేరుశనగ పొట్టు దొరకును. అది తడిని బాగుగా పీల్చును. కాని వానలో తడిసినచో బూజు త్వరగా పట్టును. కొబ్బరితోటల సీమలలో కొబ్బరి పీచుపొట్టు ఉన్నది. అది నీటిని మిక్కిలిగా పట్టి యుంచును గనుక ఎండబెట్టి, ఊకతో కలిపి వాడవలెను. రంపపు పొట్టు మంచిదే గాని మరీ మెత్తనిదానిని పిల్లలు ఏరి తినును. రసాయనములు పూసిన కలపనుండి వచ్చినదానిని వాడరాదు. వరిగడ్డిని వాడదలచినవారు బెత్తెడు కంటె చిన్న ముక్కలుగా నరికి వాడవలెను. పొడవు గడ్డి చాపవలె పరచుకొని క్రింద తడిని దాచును. ఎండు ఇసుక వేసవికి పనికివచ్చును.

ఏదైనను ఒక నియమము తప్పరాదు: బూజు పట్టినదానిని గూటిలో వేయరాదు. ఆ బూజుపొడి కోళ్ళ ఊపిరితిత్తులకు చేరి, ముఖ్యముగా చిన్నపిల్లలను చంపును.

పరుపు వేయుట, కాపాడుట

ఇక్కడ రెండు పద్ధతులను వేరుచేసి చూడవలెను. మన ఇండ్లలో కోళ్ళను గంపక్రింద కప్పువారు, అరుగుక్రింది చిన్న గూటిలో తోలువారు ఎక్కువ. వీరికి మందపు పరుపు పనికిరాదు. గంపక్రింద ప్రతి సాయంకాలము పలుచగా ఊకనో, ఎండు ఇసుకనో చల్లి, ఉదయము ఊడ్చి ఎరువుగుంటలో వేయుటయే సరియైన పని. దినదినము గంప స్థలమును మార్చుట మరియు మంచిది. చిన్న గూటికి రెండంగుళముల ఊక పరచి, వారమునకొకసారి పూర్తిగా తీసి కొత్తది వేయవలెను. వారము దాటనీయరాదనుటకు కారణము పైన చెప్పిన ఈగల లెక్కయే.

మనిషి లోపలికి పోగలిగిన పాక కలవారు మందపు పరుపు పద్ధతిని అనుసరింపవచ్చును. దీనినే డీప్ లిట్టరు అందురు. అమెరికాలోని ఒహాయో రాష్ట్రపు వ్యవసాయ పరిశోధన కేంద్రములో 1940ల దశాబ్దమున పరుపును మాటిమాటికి తీసివేయక పేర్చుకొనుచు పోవు ఈ పద్ధతిపై విశేషముగా పరిశోధనలు జరిగినవి. మన దేశపు కోళ్ళఫారములలో ఇది ఈనాటికిని వాడుకలో నున్నది. ఇందులో మొదట రెండు మూడంగుళముల ఊక వేసి, రెట్ట పడినకొలది పైన కొత్త ఊకను చేర్చుచు, కొన్ని నెలలలో ఆరంగుళములు దాటునట్లు పెంచెదరు. సరిగా నడచిన పరుపులో సూక్ష్మజీవులు రెట్టను మెల్లగా మాగబెట్టును; పరుపు వెచ్చగా, పొడిగా, మట్టివాసనతో నుండును.

అయితే ఈ పద్ధతి మూడు షరతులపై నిలిచియున్నది. మొదటిది చోటు. దినమంతయు లోపలనే యుండు కోడికి రెండు నుండి రెండున్నర చదరపు అడుగులు కావలెను. పగలు బయట తిరిగి రాత్రి మాత్రమే లోపల నుండు నాటుకోడికి ఒక చదరపు అడుగుకు తక్కువ కారాదు. రెండవది కలియబెట్టుట. వారమునకు రెండుసార్లయినను పారతోనో, పండ్లకర్రతోనో పరుపును క్రిందుమీదుగా త్రిప్పవలెను. సాయంకాలము గుప్పెడు నూకలు పరుపుపై చల్లినచో కోళ్ళే కాళ్ళతో గీరి సగము పని చేయును. మూడవది అట్టకట్టిన భాగమును తీసివేయుట. నీటిగిన్నె చుట్టును, కూర్చుండు కర్రల క్రిందను అట్ట త్వరగా కట్టును. ఆ తడి చెక్కలను ఏ దినముది ఆ దినము తీసి, ఆ చోట పొడి ఊక వేయవలెను. ఈ షరతులు జరుగని చోట మందపు పరుపు పేడకుప్పగా మారును. అట్టివారికి వారమునకొకసారి తీసివేయు పద్ధతియే క్షేమకరము.

హైదరాబాదు రాజేంద్రనగరములోని కోళ్ళ పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజ, గ్రామప్రియ జాతుల పిల్లలను ఇప్పుడు ఎందరో పెరటిలో పెంచుచున్నారు. ఈ పిల్లలను మొదటి కొన్ని వారములు ఇంటిపట్టుననే వెచ్చగా నుంచి పెంచవలసియుండును. వానికి రెండంగుళముల ఊకపై మొదటి కొన్ని దినములు కాగితము పరచవలెను. లేనిచో అవి మేతయనుకొని ఊకనే తినును. ఈ వారములలోనే పరుపు తడిసిపోవుట, పిల్లలు చచ్చుట ఎక్కువ. పరుపుపై శ్రద్ధకు ఇదియే ముఖ్యమైన కాలము.

నీటిని బయటనే ఆపవలెను

పరుపును ఎంత మార్చినను గూటిలోనికి నీరు వచ్చుచున్నంతకాలము శ్రమ వృథా. గూటినేల చుట్టుప్రక్కల నేలకంటె అడుగెత్తున నుండవలెను. చూరు గోడను దాటి రెండడుగులయినను ముందుకు వచ్చినచో జల్లు లోపలికి కొట్టదు. నీటిగిన్నెను కోడి వీపు ఎత్తున ఇటుకలపై పెట్టవలెను. అప్పుడు కోళ్ళు అందులో కాళ్ళు పెట్టవు, నీటిని చిమ్మవు. పగలు బయట తిరుగు కోళ్ళకు నీటిని బయటనే పెట్టుట ఇంకను మేలు.

గాలి సంగతి అంతే ముఖ్యము. పిల్లి, ముంగిస, కుక్క, పాము భయముచే మనవారు గూటిని నాలుగువైపుల గోనెలతో, రేకులతో బిగించెదరు. దానివలన తడి, ఘాటు లోపలనే నిలిచిపోవును. అమ్మోనియా గాలికంటె తేలికైనది; వెచ్చని గాలితో పైకి లేచును. కనుక చూరుక్రింద, రెండు ఎదురుగోడలలో, సన్నకన్నుల ఇనుపజల్లెడ బిగించిన కంతలు విడువవలెను. జంతువు రాదు, గాలి ఆగదు. కూర్చుండు కర్రల క్రింద ఒక పలకనో, పాత రేకునో పెట్టి దానిపై ఊక చల్లినచో రాత్రి పడు రెట్ట అంతయు ఒకచోట చేరును. ఉదయము ఆ పలకను దులుపుట ఐదు నిమిషముల పని. గూటి కంపును తగ్గించు ఉపాయములలో ఇంత తక్కువ శ్రమతో ఇంత ఫలితమిచ్చునది వేరొకటి లేదు.

క్రొత్తగా గూడు కట్టువారు పొరుగువారి వంటింటికి, మంచినీటి బావికి, చేతిపంపునకు దూరముగా, పల్లపువైపున కట్టుకొనవలెను.

సున్నము, బూడిద, బ్లీచింగు పొడి

కంపు వచ్చినదనగానే సున్నమో, బూడిదయో చల్లుట మన అలవాటు. ఇందులో కొంత తెలిసికొనవలసినది కలదు. ఈ రెండును క్షారగుణము కలవి. క్షారము చేరినచో రెట్టలోని అమ్మోనియా ఒక్కసారిగా గాలిలోనికి విడుదలగును. తడిసి ఘాటెక్కిన పరుపుపై సున్నము చల్లినచో ఆ దినమున కంపు పెరుగునే గాని తగ్గదు. కోళ్ళ కన్నులు మండును. సున్నము వాడదగిన సమయము వేరు: పాత పరుపునంతయు తీసి, నేల ఊడ్చి, కోళ్ళు బయటనున్నపుడు నేలకు, గోడలకు వెల్ల వేయవలెను. అది ఆరిన పిమ్మట కొత్త పరుపు పరచవలెను. గోడ పగుళ్ళలో దాగు గోమారులకు కూడ ఈ వెల్ల అడ్డు. బూడిదను పొడి మూలనొక గుంటలో పోసినచో కోళ్ళు అందులో పొర్లి పేలను వదల్చుకొనును, దాని స్థానమదియే.

పరుపులోని ఘాటును పట్టి యుంచుటకు ఆమ్లగుణము గల వస్తువు కావలెను. పొడి సింగిల్ సూపర్ ఫాస్ఫేటు అట్టిది. దానిని పలుచగా చల్లి పరుపులో బాగుగా కలియబెట్టవలెను, మేతతొట్టిలో పడనీయరాదు. ఎరువుకుప్పలో కలుపుట ఇంకను సులభము. నత్రజని నిలుచును, భాస్వరము చేరును.

బ్లీచింగు పొడిని గూర్చి సభ్యులకు ప్రత్యేకముగా మనవి చేయుచున్నాము. పంచాయతీ పారిశుధ్య కార్మికులు మురుగుకాలువల వెంట దీనిని చల్లుట మామూలు. తడి కోడిరెట్టపై దీనిని చల్లరాదు. ఇందలి క్లోరిన్ అమ్మోనియాతో కలిసినపుడు కన్నులను, ఊపిరితిత్తులను దహించు విషవాయువు పుట్టును. మూసిన గూటిలో అది కోళ్ళకే గాక చల్లు మనిషికిని ప్రమాదము. మొదట రెట్టను పూర్తిగా తీసి, నేలను కడిగి ఆరిన తరువాతనే ఏ మందైనను వాడవలెనని కార్మికులకు తెలియజెప్పవలెను.

కాలమును బట్టి జాగ్రత్తలు

రోహిణి కార్తెలో ఎండలు ముదిరియున్నపుడే వానకాలపు పని చేసికొనవలెను. పాత పరుపును తీసివేయుటకు, గూటి కప్పు బాగుచేయుటకు, నాలుగైదు బస్తాల ఊకను ఎండబెట్టి పొడిచోట నిలువ చేయుటకు అదియే అదను. మృగశిర ప్రవేశించి ముసురు పట్టిన తరువాత పొడి ఊక వెదకిన దొరకదు. ముసురు దినములలో పరుపును ప్రతిదినము కలియబెట్టి, తడిసిన చోటుల మార్చవలెను. తుపాను వానకు గూటిలోనికి నీరు వచ్చినచో ఆ పరుపును ఎండబెట్టి తిరిగి వాడవలెనను ఆశ పెట్టుకొనక మొత్తము తీసివేయవలెను.

చలికాలమున గూటిని మూసివేయు అలవాటుచే ఘాటు పెరుగును. క్రిందిభాగమును కప్పినను పైకంతలను తెరచియే యుంచవలెను. వేసవిలో కోళ్ళు ఎక్కువ నీరు త్రాగి పలుచని రెట్ట వేయును. మరొకవంక పరుపు దుమ్ముగా మారును. అప్పుడు పరుపు మందమును తగ్గించుట మంచిది. మందపు పరుపు వేడిని నిలుపును.

తీసిన పరుపు పారవేయుటకు కాదు

వాడిన పరుపును వీథిలోనో, కాలువగట్టుననో కుమ్మరించువారు ధనమును కుమ్మరించుచున్నారు. మాగిన కోడి ఎరువులో సుమారు 3 శాతము నత్రజని, 2.6 శాతము భాస్వరము, 1.4 శాతము పొటాషు ఉండును. సాధారణ పశువుల ఎరువులో నత్రజని అరశాతము మాత్రమే. నూరు కిలోల కోడి ఎరువులోని నత్రజని ఆరున్నర కిలోల యూరియాలోని నత్రజనికి సమానము.

అయితే పచ్చిరెట్టను మొక్కల మొదట వేయరాదు, వేరు మాడిపోవును. దానిని మాగబెట్టవలెను. రెట్ట పాలు ఎక్కువగా నున్నచో ఒక గంప రెట్టకు రెండు మూడు గంపల ఎండుటాకులు, నరికిన గడ్డి చొప్పున పొరలుగా వేసి మూడడుగుల ఎత్తున కుప్ప పెట్టవలెను. పిండిన బట్టవలె చెమ్మ యుండునట్లు నీరు చల్లి, పైన మట్టినో, తాటాకునో కప్పవలెను. కొన్ని దినములలో కుప్ప వేడెక్కును. ఇనుపకడ్డీని నడుమ గ్రుచ్చి కొంతసేపటికి తీసినచో చేతితో పట్టలేనంత వేడిగా నుండవలెను. నడిమి వేడి 55 డిగ్రీల సెంటిగ్రేడు దాటి కొన్ని దినములు నిలిచినచో రోగక్రిములు, కలుపుగింజలు చాలవరకు నశించును. పదునైదు దినములకొకసారి త్రిప్పినచో రెండు మూడు నెలలలో వాసనలేని, నల్లని ఎరువు సిద్ధమగును. ఊక మెల్లగా మాగును గనుక కొన్ని పొట్టులు మిగిలినను దోషము లేదు. బరువు నేలలను అవి గుల్ల చేయును.

రోగముతో చచ్చిన కోళ్ళను మాత్రము ఈ కుప్పలో గాని, కాలువలో గాని వేయరాదు. లోతుగా గొయ్యి త్రవ్వి సున్నము చల్లి పూడ్చవలెను. ఒక్కసారిగా పెక్కు కోళ్ళు చచ్చినచో చేతితో ముట్టక పశువైద్యశాలకు తెలియజేయవలెను. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాలలో బర్డ్ ఫ్లూ నిర్ధారింపబడిన సంగతి మరువరాదు.

పంచాయతీ సభ్యులు చేయదగినవి

రాజ్యాంగపు 73వ సవరణ 1993 ఏప్రిల్ 24 నుండి అమలులోనికి వచ్చినది. దానితో చేరిన పదునొకండవ షెడ్యూలులో పంచాయతీలకు సంబంధించిన 29 అంశములు కలవు. వానిలో 4వది పశుసంవర్ధనము, పాడి, కోళ్ళ పెంపకము. 23వది ఆరోగ్యము, పారిశుధ్యము. కోడిని కాపాడుటయు, వీథిని కాపాడుటయు ఒకే సంస్థ చూడవలసిన పనులే. ఒకదానికొరకు మరియొకదానిని విడువనక్కరలేదు.

ఫిర్యాదు వచ్చినపుడు తీర్పు చెప్పుటకు ముందు సభ్యులిద్దరు ఉదయవేళ ఆ గూటిని స్వయముగా చూచుట మంచిది. ఇరుపక్షములను వెంటనుంచుకొని అయిదు ప్రశ్నలు వేయవలెను. గూటిలో ఎన్ని కోళ్ళు, ఎన్ని చదరపు అడుగులు? పరుపును పిడికిట పట్టినచో ఉండ కట్టుచున్నదా? నీరు ఎచటినుండి వచ్చుచున్నది? పైన గాలికంతలు కలవా? తీసిన రెట్ట ఎచటికి పోవుచున్నది? ఈ ప్రశ్నలకు జవాబులు దొరకినచో లోపమెచటనో ఇద్దరికిని కనిపించును. అప్పుడు "నీ కోళ్ళు" "నీ ముక్కు" అను మాటలు పోయి, "ఈ చూరు", "ఈ నీటిగిన్నె" అను మాటలు వచ్చును. మనుష్యుల తగవుకంటె చూరు తగవు తీర్చుట సులభము. పదునైదు దినముల గడువిచ్చి మరల చూడవలెను. లోపములను దిద్దుకొన్న గూటిలో ఆ గడువులోపల మార్పు తెలియకమానదు. చెప్పినను చేయనివారి విషయములో చట్టము పంచాయతీకి ఇచ్చిన పారిశుధ్యపు అధికారము ఎట్లును ఉన్నది. దానిని చివరకు వాడవలెను గాని మొదట కాదు.

ఫిర్యాదు వచ్చువరకు వేచియుండక చేయదగినవి మరి మూడు. వేసవి చివర బియ్యపుమిల్లునుండి బండెడు ఊక తెప్పించి స్వయం సహాయక సంఘముల ద్వారా కావలసినవారికి పంచుట మొదటిది. పెరడు చాలని ఇండ్లవారి రెట్టను చేర్చుకొనుటకు కంపోస్టు షెడ్డులో ఒక గుంటను విడిచి, తయారైన ఎరువులో వారికి పాలు ఇచ్చుట రెండవది. పశువైద్యుని పిలిపించి కొక్కెర తెగులు టీకాలు వేయించు దినముననే ఒక ఇంటి గూటిలో పరుపు పరచి, పిడికిలి పరీక్ష చేసి అందరకు చూపుట మూడవది. పది ఉపన్యాసములకంటె ఒక గుప్పెడు ఊక ఎక్కువ నేర్పును.

గూడు శుభ్రముగా నున్న ఇంటిలో కోడి ఎక్కువ కాలము బ్రతుకును, ఎక్కువ గ్రుడ్లు పెట్టును. ఆ ఇంటి పొలమునకు ఎరువు దక్కును. పొరుగింటి కిటికీ మూయనక్కరలేకపోవును. ఇన్ని లాభములకు మూలము పరుపును పొడిగా నుంచుటయే. ఈ సంగతిని సభ్యులు తమ తమ వార్డులలో ఇంటింటికిని తెలియజేయుదురని, రానున్న వానలకు ముందే ఊక బస్తాలు సిద్ధము చేయింతురని మేము ఆశించుచున్నాము.